కోర్తోన్ గుట్ట: అడవి టోపీ కింద ఎరుపు, తెలుపు

ఫ్రాన్స్ తూర్పు భాగాన, బర్గండీ ద్రాక్షసీమ నడుమ, బోన్ పట్టణానికి ఉత్తరంగా ఐదారు కిలోమీటర్ల దూరంలో ఉన్న కోర్తోన్ గుట్ట నెత్తిన అడవి, ఆ అడవి అంచు నుంచి పాదం దాకా ద్రాక్షతోటలు ఉన్న చిన్న కొండ. దాని శిఖరం సముద్రమట్టానికి సుమారు 390 మీటర్ల ఎత్తున ఉంటే, హైదరాబాదు నగరమే 500 మీటర్లకు పైన ఉంది. చుట్టూ ఉన్న మైదానం నుంచి కొలిస్తే దీని ఎత్తు 150 మీటర్లు మాత్రమే కాబట్టి, గోల్కొండ కోటను మోస్తున్న గుట్టకు ఇది కాస్త అన్నలాంటిది. ఇంత చిన్న గుట్ట చుట్టూ మూడు గ్రామాలు పంచుకున్న సుమారు 160 హెక్టార్ల తోటలకు, అంటే దాదాపు 400 ఎకరాలకు, బర్గండీ చట్టంలో అత్యున్నత శ్రేణి అయిన గ్రాండ్ క్రూ హోదా ఉంది. దాదాపు ఈ ప్రాంతమంతటా గ్రాండ్ క్రూ అంటే ఒక రంగు వైనే అయితే, కోర్తోన్ ఒక్కటే ఎర్ర వైనుకూ తెల్ల వైనుకూ సమానంగా పేరు తెచ్చుకుంది. ఆ రెండు రంగుల మధ్య గీతను కొంత రాయి గీసింది, కొంత దస్తావేజు గీసింది. ఆ రెండు గీతలు అన్నిచోట్లా ఒకదానిపై ఒకటి పడవు, ఈ గుట్ట చరిత్రలో ఆసక్తికరమైనదంతా అవి తప్పుకున్న చోటే ఉంది.

ముందుగా రాయి సంగతి. దిజోన్ నగరం నుంచి దక్షిణంగా బోన్ దాటి యాభై అరవై కిలోమీటర్లు సాగే ద్రాక్షవాలును కోత్ దోర్ అంటారు. కోట్ల ఏళ్ల కిందట భూమి పొరలు చిట్లి, తూర్పువైపు నేల కుంగి సోన్ నది మైదానంగా మారినప్పుడు, కుంగకుండా మిగిలిన పడమటి అంచే ఈ వాలు. కోర్తోన్ గుట్ట ఆ అంచుకు చెందినదే అయినా, పక్కనున్న లోయలు దాన్ని ప్రధాన వాలు నుంచి విడదీసి ముందుకు నిలబెట్టాయి. అందువల్ల మిగతా కోత్ దోర్ అంతా దాదాపు తూర్పు, ఆగ్నేయాలకే ముఖం పెట్టుకుని ఉంటే, ఈ గుట్ట తూర్పుకు, దక్షిణానికి, పడమరకు మూడువైపులా తోటలను మోయగలుగుతోంది. ఉత్తరాన ఉన్న కోత్ ద న్యుయి భాగంలో జురాసిక్ యుగపు మధ్య కాలానికి చెందిన పాత సున్నపురాయి పైకి తేలి ఉంటుంది. దక్షిణాన ఉన్న కోత్ ద బోన్ భాగానికి వచ్చేసరికి ఆ పొరలు నేలలోకి వంగి మునిగి, వాటిపైనున్న కొత్త పొరలు బయటపడతాయి. ఈ మార్పు జరిగే చోటే కోర్తోన్ నిలిచి ఉంది.

గుట్టను నిలువునా కోసి చూడగలిగితే కనబడే వరుస ఇది. అన్నిటికన్నా పైన గట్టి సున్నపురాయి పలక ఉంది, దానిమీద మట్టి బెత్తెడు కూడా నిలవదు కాబట్టి అక్కడ ద్రాక్ష పండదు, అడవి మాత్రం బతుకుతుంది. ఆ పలక ఉండబట్టే కిందనున్న మెత్తని పొరలు కోసుకుపోకుండా గుట్ట గుట్టగా మిగిలింది. పలక కింద మార్ల్ ఉంది. సున్నమూ బంకమన్నూ కలిసి గట్టిపడిన ఈ లేతరంగు పదార్థం తడిస్తే జిగటగా మారుతుంది, ఎండితే పొరలుగా విడిపోతుంది. ఈ పొరలు జురాసిక్‌లోనే ఆక్స్‌ఫర్డియన్ అనే దశలో, దాదాపు 16 కోట్ల ఏళ్ల కిందట, లోతులేని వెచ్చని సముద్రం అడుగున పేరుకున్నవి. ఇంకా కిందికి దిగితే నడిమి వాలులో ఇనుము కలిసి ఎర్రబారిన, రాళ్లు నిండిన సున్నపు నేల వస్తుంది. పాదంలో పైనుంచి కొట్టుకొచ్చిన మన్నూ గులకరాళ్లూ లోతుగా పేరుకుని ఉంటాయి. ఎర్ర చలక, దుబ్బ, రేగడి, చౌడు అని నేలను చూపుతోనూ అరికాలితోనూ గుర్తుపట్టే తెలుగు రైతుకు, ఇంత కొద్ది దూరంలో ఇన్ని నేలలు మారడం వింత అనిపించదు. కానీ ఆ మార్పును బట్టి పంట ధర పదింతలు కావడం మాత్రం వింతే.

పైనున్న లేత మార్ల్ నేల తేమను పట్టి ఉంచుతుంది కాబట్టి తెల్లద్రాక్ష రకమైన షార్దొనేకు అది అనుకూలమని, నడిమి వాలులోని ఎర్రని రాతినేల నీటిని తొందరగా వదిలేసి వేడిని దాచుకుంటుంది కాబట్టి నల్లద్రాక్ష రకమైన పినో న్వార్‌కు అది నప్పుతుందని సాగుదారుల లెక్క. వాలు కొన్నిచోట్ల నూటికి ఇరవై దాకా ఉంటుంది. దానివల్ల వాననీరు నిలవకుండా జారిపోయి వేళ్లు రాతి పగుళ్లలోకి దిగుతాయి గానీ, అదే నీరు మట్టినీ తీసుకుపోతుంది. జడివాన తరవాత వాలు అడుగున పేరుకున్న మట్టిని బుట్టలకెత్తి, వీపున మోసి తిరిగి పైకి చేర్చడం ఈ సీమలో శతాబ్దాలపాటు సాగిన శీతకాలపు పని. నేల గుణాన్ని ప్రకృతి ప్రసాదంగా వర్ణించే పుస్తకాలు ఈ బుట్టల సంగతిని తరచుగా వదిలేస్తాయి.

ఇక్కడి సాగు తెలుగువారికి తెలిసిన ద్రాక్షసాగుకు పూర్తిగా భిన్నం. దక్కన్‌లో తీగ చలికి నిద్రపోదు కాబట్టి దాన్ని ఎత్తైన పందిరికి పాకించి ఏడాదికి రెండుసార్లు కత్తిరించి, కోతను ఎండాకాలం ముందుకు తెచ్చుకుంటారు. ఉత్తర అక్షాంశం 47 డిగ్రీల దగ్గరున్న కోర్తోన్‌లో తీగ శీతకాలమంతా మోడై నిలుస్తుంది, ఒక్కసారే కత్తిరిస్తారు. నేల విడిచిపెట్టే వెచ్చదనం గుత్తికి అందాలని మీటరు ఎత్తులోనే తీగెలకు కట్టి, హెక్టారుకు సుమారు 10 వేల మొక్కలు ఒత్తుగా నాటుతారు. దక్కన్ పందిరి గుత్తికి నీడనివ్వడానికి వేసినదైతే, ఇక్కడి కట్టుబడి గుత్తికి ఎండ అందించడానికి చేసినది.

ఎండ అన్నిచోట్లా ఒకేలా రాదు. తూర్పున లాద్వా-సెరిన్యి గ్రామంవైపు వాలుకు ఉదయపు ఎండ, దక్షిణ, ఆగ్నేయాల్లో అలోస్-కోర్తోన్ వైపు రోజంతా ఎండ పడుతుంది. ఈ ఊరిపేరు రాతలో అలోక్స్‌లా కనిపించినా పలుకుబడిలో అలోస్ అనే అంటారు, పరాయివారిని పట్టించే గుర్తు అది. పడమరనున్న పెర్నాన్-వెర్జెలెస్ లోయవైపు వాలుకు సాయంకాలపు ఎండ, చల్లగాలి దక్కుతాయి. అందువల్ల అక్కడ కాయ నిదానంగా పండి పులుపును నిలుపుకుంటుంది. తెల్ల వైనుకు ప్రాణమైన ఆ పులుపు అక్కడ మార్ల్ నేలవల్ల వస్తోందో, పడమటి ముఖంవల్ల వస్తోందో విడదీయడం కష్టం, ఎందుకంటే ఆ వైపున రెండూ కలిసే ఉన్నాయి.

ఇలాంటి తేడాలను బట్టి హద్దులు, పేరు పొందిన ఒక్కొక్క తోటముక్కను బర్గండీలో క్లిమా అంటారు. కోర్తోన్ పేరు కింద ఇలాంటివి పాతికకు తక్కువ కాకుండా ఉన్నాయి. చింతచెట్టు చేను, గుండ్ల చెలక, మాన్యం పొలం అని పిలుచుకునే అలవాటు తెలుగు పల్లెల్లో ఎలా పుట్టిందో ఈ పేర్లూ అలాగే పుట్టాయి. రెనార్ద్ అంటే నక్కల చోటు, పెరియేర్ అంటే రాతిగని, గ్రేవ్ అంటే గులకనేల, లాంగెత్ అంటే చిన్న నాలుకల్లాంటి పొలాలు, విన్య్ ఓ సాన్ అంటే అచ్చంగా దేవుడి మాన్యమే. బర్గండీలోని 1,247 క్లిమాలను యునెస్కో 2015లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

దస్తావేజు చరిత్ర 775లో మొదలవుతుంది. సారసెన్ల, అంటే అరబ్బు సేనల, దాడిలో ధ్వంసమైన సోల్యూ ఊరి సెయింట్ ఆందోష్ మఠానికి పరిహారంగా, ఫ్రాంకుల రాజు షార్లమేన్ ఈ గుట్టపై తనకున్న తోటలను దానమిచ్చాడు. ఫ్రెంచి విప్లవం వచ్చేదాకా, అంటే వెయ్యేళ్లకు కాస్త ఎక్కువగా, అవి ఆ మఠం చేతిలోనే ఉన్నాయి. ఈ దానానికి ఒక కథ తోడైంది. తాగిన ఎర్ర వైను తెల్లటి గడ్డానికి మరకలు వేస్తోందని రాణి విసుక్కుంటే, రాజు తెల్లద్రాక్ష నాటించాడట. కథ ముచ్చటగా ఉంది గానీ నమ్మదగ్గది కాదు. ఈ వాలుపై షార్దొనే పెద్దయెత్తున పరుచుకున్నది 19వ శతాబ్దం చివరి నుంచే కాబట్టి, ఫలితం ముందు వచ్చి కారణం తరవాత అల్లినట్టుంది.

మధ్యయుగాల్లో గుట్టను పంచుకున్నవారిలో మఠాలు, బర్గండీ డ్యూకులు ముఖ్యులు. డ్యూక్ ఫిలిప్ ద బోల్డ్ 1395లో, కాపు విరివిగా ఇచ్చి రుచిలో పలచనైన గామే ద్రాక్షను నరికేయాలని శాసనం చేయడంతో ఈ సీమలో పినోకు రాజాశ్రయం దొరికింది. 1477లో నాన్సీ యుద్ధంలో చివరి డ్యూక్ చనిపోయి బర్గండీ ఫ్రాన్సు రాజు వశమయ్యాక, డ్యూకుల తోట ఒకటి రాజుగారి ఆవరణ అనే అర్థంలో క్లో ద్యూ రువా అయింది. యజమాని మారితే పొలం పేరు మారడం ఎక్కడైనా ఉన్నదే. 1443లో డ్యూకు మంత్రి నికొలా రోలాన్ బోన్‌లో స్థాపించిన ధర్మాసుపత్రికి దాతలు రాసిచ్చిన తోటల్లో ఈ గుట్టపైనివీ ఉన్నాయి. వాటి వైను 1859 నుంచి జరుగుతున్న నవంబరు వేలంలో అమ్ముడవుతోంది. 18వ శతాబ్దంలో స్విస్ సరిహద్దున ఫెర్నేలో ఉన్న వోల్టేర్, దిజోన్ న్యాయాధికారి ల బో దగ్గర కోర్తోన్ తెప్పించుకుని, అతిథులకు బోజొలే వైను పోసి తాను మాత్రం చాటుగా కోర్తోన్ తాగేవాడని ఆయన ఉత్తరాలే ఒప్పుకుంటాయి. సమానత్వం కోరిన ఆ తత్వవేత్త భోజనబల్ల దాకా వచ్చేసరికి ఆగిపోయాడు.

విప్లవం మఠాల తోటలను జాతి ఆస్తిగా ప్రకటించి వేలం వేసింది. ఆపైన 1804 నాటి నెపోలియన్ పౌరస్మృతి పిల్లలందరికీ సమవాటా ఇవ్వడంతో, తోటలు తరతరానికి ముక్కలై కొన్ని వరుసల మేరకే ఒక్కొక్క యజమాని మిగిలాడు. 1862లో అలోస్ ఊరు తన పేరుకు గుట్ట పేరును అధికారికంగా తగిలించుకుంది. గుట్ట పేరుతో ఊరి వైనుకు గిరాకీ వస్తుందన్న వ్యాపార దృష్టి అందులో దాగలేదు. 1878లో అమెరికా నుంచి వచ్చిన ఫిల్లోక్సెరా అనే వేరుపేను కోత్ దోర్‌ను తాకింది. అంతవరకు నేలంటు తొక్కుతూ క్రమం లేకుండా గుంపుగా పెంచిన తీగలు చచ్చిపోగా, అమెరికన్ వేరుమొక్కపై అంటుకట్టిన తీగలను సూటి వరుసల్లో మళ్లీ నాటాల్సి వచ్చింది. గుట్టలో నేటి రంగుల పంపకం ప్రధానంగా ఈ పునర్నాటులో తేలింది. ఏ రకం నాటాలో కొత్తగా నిర్ణయించుకునే అవకాశం వచ్చినప్పుడు పై మార్ల్ వాలును చాలామంది షార్దొనేకు ఇచ్చారు, అంతకుముందు అక్కడ అలిగోతే వంటి ఇతర రకాలూ ఉండేవి.

1937లో ఆప్పెలాసియోన్ చట్టం, అంటే పుట్టిన నేలపేరును సరుకుపై వాడుకునే హక్కును హద్దులతో నిర్ణయించే పద్ధతి, ఈ పంపకానికి అధికార ముద్ర వేసింది. ఎరుపు కోర్తోన్ అయింది, తెలుపు ప్రధానంగా కోర్తోన్-షార్లమేన్ అయింది. అయితే పెర్నాన్ వైపున్న ఆన్ షార్లమేన్ అనే తోటముక్కలో పినో పండిస్తే అది కోర్తోన్, అదే మట్టిలో షార్దొనే పండిస్తే కోర్తోన్-షార్లమేన్. మట్టి మారకుండానే రకం మారితే పేరు మారుతుంది. ఎర్ర కోర్తోన్ హద్దులు మరీ వెడల్పుగా గీశారని, పాదంలోని లోతునేలలను పై శ్రేణిలో కలిపేయడంవల్ల గుట్ట పేరుకు నాణ్యత సమంగా లేకుండా పోయిందని విమర్శకులు చాలాకాలంగా అంటున్నారు. వాలులో నాలుగడుగులు దిగితే నేల మారే చోట ఒకే పేరును ఇంతమేర పరచడం చూస్తే, వారి మాటలో పస ఉన్నట్టే ఉంది.

ఇప్పుడు మారుతున్నది నేల కన్నా కాలం. బోన్‌లో ద్రాక్షకోత మొదలైన తేదీల లెక్కను 1354 నుంచి పరిశీలించి 2019లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, 1988 తరవాతి కోతలు అంతకుముందు సగటు కన్నా దాదాపు 13 రోజులు ముందుకు జరిగాయి. కాయ త్వరగా పండి పులుపు తగ్గుతున్న ఈ కాలంలో, చల్లగా ఉంటుందని ఒకప్పుడు లోపంగా ఎంచిన పడమటి వాలే మెరుగైన చోటుగా కనబడుతోంది.

చట్టంలో మరో పేరు మిగిలి ఉంది. కోర్తోన్ చేరకుండా విడిగా షార్లమేన్ అనే గ్రాండ్ క్రూ కూడా పుస్తకాల్లో నమోదై ఉంది గానీ, సాగుదారులు దాన్ని వాడరు. చక్రవర్తి పేరు సీసాపై కనబడాలంటే దాని ముందు గుట్ట పేరు ఉండాల్సిందే.