పెద్ద ఫ్యూజ్ వేశా, వైరు మాడింది: 1847 నుంచి ఒక సన్నని తీగ కథ

ఈరోజు కథ నా తప్పుతోనే మొదలవుతుంది.

బాలానగర్‌లో మా బాబాయి వర్క్‌షాప్‌లో పాత మిల్లింగ్ మెషిన్‌కి సర్వో మోటార్లు పెట్టి సీఎన్‌సీగా మారుస్తున్నాం. కోడ్ నాది, వైరింగూ నాదే. మోటారు స్పీడందుకున్న ప్రతిసారీ ఫ్యూజ్ పోతోంది. విసుగొచ్చి ఇంకా పెద్ద ఫ్యూజ్ వేసేశా. ఒకరోజు టేబుల్ ఇరుక్కుంది, డ్రైవ్ లోపల షార్ట్ అయింది. ఫ్యూజ్ మాత్రం చెక్కుచెదరలేదు. దాని బదులు వైరు మాడింది. బాబాయి పరిగెత్తి మెయిన్ ఆపేసి ఒక్కటే అన్నాడు: "ఒరేయ్, ఇది మనకు అన్నం పెట్టే మెషిన్‌రా!"

ఆ రాత్రి నిద్ర పట్టక ఫ్యూజ్ చరిత్ర చదివా.

1847. ఫ్రాన్స్‌లో లూయీ బ్రెగే అనే ఆయన ఉన్నాడు, గడియారాల తయారీ కుటుంబం వాళ్లది. పిడుగు పడితే టెలిగ్రాఫ్ స్టేషన్లలో పరికరాలు పాడయ్యేవి. లైను లోపలికొచ్చే చోట సన్నని తీగ పెట్టమన్నాడాయన. తీగ కరిగిపోతుంది, పరికరం బతుకుతుంది. 1890లో ఎడిసన్ తన కరెంటు సరఫరా వ్యవస్థ కోసం ఫ్యూజ్‌కి పేటెంట్ తీసుకున్నాడు. మన ఇళ్లల్లో కిట్‌క్యాట్ ఫ్యూజ్‌కి తీగ చుట్టేది కూడా ఈ ఐడియాతోనే.

ఇక మెషిన్ సంగతి. హెలికాప్టర్ రెక్కలు తయారుచేసే జాన్ పార్సన్స్ ఆలోచన, అమెరికా ఎయిర్ ఫోర్స్ డబ్బు, ఎంఐటీ సర్వోమెకానిజమ్స్ ల్యాబ్ పని. 1952లో టేపుతో నడిచే మిల్లింగ్ మెషిన్ చూపించారు. అది కొత్తగా కట్టిందేం కాదు, సిన్సినాటి హైడ్రోటెల్ అనే మామూలు మెషిన్‌నే మార్చారు. అంటే మేం చేస్తున్న పనే!

మరి నేనెక్కడ తప్పాను? ఫ్యూజ్ వేడికి కరుగుతుంది. కరెంటు రెండింతలైతే వేడి నాలుగింతలు. సర్వో స్పీడందుకునేటప్పుడు మామూలు కరెంటుకి రెండుమూడు రెట్లు లాగుతుంది, కానీ అది క్షణకాలమే. దాన్ని తట్టుకోవాలంటే పెద్ద ఫ్యూజ్ కాదు, స్లో బ్లో ఫ్యూజ్ కావాలి. దాని రేటింగ్ మోటారు నిలకడగా తీసుకునే కరెంటు కంటే ఎక్కువ, వైరు మోయగలిగే దానికంటే తక్కువ ఉండాలి.

ఇంకో రెండు మాటలు. మా డ్రైవ్‌లకి వెళ్లేది డీసీ. ఏసీ అయితే క్షణక్షణం సున్నాకొస్తుంది కాబట్టి ఫ్యూజ్‌లో లేచిన ఆర్క్ ఆరిపోతుంది. డీసీలో ఆ అవకాశం లేదు. అందుకే 250 వోల్ట్ ఏసీ అని రాసున్న గాజు ఫ్యూజ్‌ని నమ్మకూడదు, డీసీ రేటింగ్ చూడాలి. రెండోది, బ్రేక్ వేసేటప్పుడు మోటారే జనరేటర్ అవుతుంది. అప్పుడే ఫ్యూజ్ పోతే ఆ శక్తికి దారిలేక డ్రైవ్‌లో వోల్టేజ్ పెరుగుతుంది. కాబట్టి మరీ చిన్న ఫ్యూజూ ప్రమాదమే. డ్రైవ్ మాన్యువల్ ఏం చెబుతుందో ముందు చదవాలి. నేను చదవలేదు.

డ్రైవ్‌లోని ట్రాన్సిస్టర్లు ఫ్యూజ్ కంటే ముందే పోతాయి. మామూలు ఫ్యూజ్ వాటిని కాపాడదు. అది కాపాడేది వైరుని, షెడ్డుని, అందులో పనిచేసే మనిషిని.

ఇప్పుడు మూడు డ్రైవ్‌లకి మూడు వేరువేరు ఫ్యూజ్‌లు. మాడిన వైరు ముక్కని బాబాయి ప్యానెల్ తలుపుకి కట్టాడు. తలుపు తెరిచినప్పుడల్లా నాకు కనబడాలట.

మీ ఇంట్లో కిట్‌క్యాట్ ఫ్యూజ్‌కి లావు తీగ చుట్టి ఉందేమో, ఈరోజే ఎలక్ట్రీషియన్‌తో చూపించండి.