రక్షణ పేరిట నిషేధం

పుట్టపర్తిలో 1990లో విమానాశ్రయం వెలిసింది. దేశదేశాల భక్తులు అక్కడ దిగారు. పక్కనున్న కదిరి, రాయచోటి ప్రాంతాలనుంచి కువైట్‌కు ఇంటిపనికి పోయే స్త్రీలు మాత్రం విమానం యెక్కటానికి బొంబాయికో మద్రాసుకో పోవలసివచ్చేది. ఆ ప్రయాణాలకు చరిత్ర రాసినవారు తక్కువ.

వలసపోయిన స్త్రీల శ్రమ అనగానే ఫిలిప్పీన్స్ నర్సులు గుర్తుకువస్తారు. అది సబబే. 1898లో ఆ ద్వీపాలను కబళించిన అమెరికా, నాగరికత నేర్పే నెపంతో అక్కడ నర్సింగు పాఠశాలలు పెట్టింది. 1948 నాటి సందర్శకుల మార్పిడి పథకం కింద శిక్షణకని వెళ్లిన నర్సులచేత, అనేక ఆసుపత్రులు స్టైపెండు మాత్రమే యిచ్చి పూర్తి పని చేయించుకున్నాయి. 1965 వలస చట్టం తలుపులు బార్లా తెరిచింది. 1974లో మార్కోస్ తెచ్చిన కార్మికస్మృతి మనుషుల యెగుమతిని ప్రభుత్వ విధానంగా మార్చింది. మెచ్చుకోదగింది యిందులో లేదు. అయినా ఆ నర్సు చేతిలో ఒక పట్టా, ఒక ఒప్పందపత్రం వున్నాయి. తగాదా వస్తే చూపటానికి కాగితమున్నది.

మన మెట్టపొలాల్లో వాన తప్పితే వేరుసెనగ పోతుంది, అప్పు మిగులుతుంది. అప్పు వెనకాలే ఏజెంటు వస్తాడు. అక్కడ కఫాలా పద్ధతి: యజమాని వొప్పుకోనిదే పని మారటానికి లేదు, దెబ్బలకు తాళలేక ఇల్లు విడిస్తే పరారీ కేసు. దీనికి మన ప్రభుత్వం కనిపెట్టిన మందేమిటి? ముప్పయ్యేళ్లు నిండని స్త్రీ గల్ఫుదేశాలకు ఇంటిపనికి పోరాదన్నది. అప్పు ముప్పయ్యేళ్లదాకా ఆగుతుందా? వయసు మార్చిన పాస్‌పోర్టులూ, విజిటింగ్ వీసాలూ, చుట్టుదార్లూ పుట్టాయి. అలా పోయినామె యే దస్త్రంలోనూ వుండదు. కష్టం వచ్చినప్పుడు రాయబార కార్యాలయం గడప తొక్కటానికే భయం.

కువైట్ 2015లో చట్టం చేసి రోజుకు పన్నెండు గంటల హద్దు, వారానికొక సెలవు రాసింది. కాగితంమీది హక్కు ఇంటి నాలుగు గోడలమధ్య అమలుకావాలంటే అడిగేవాళ్లుండాలి. 2018లో తమ పనిమనిషి హత్య బయటపడినప్పుడు ఫిలిప్పీన్స్ కూడా నిషేధమే పెట్టింది. అయితే దాన్ని బేరానికి వాడుకుని, కొద్దినెలల్లోనే ఒప్పందం సాధించింది. ఇంటిపనివారి విషయమై మన ప్రభుత్వం కువైట్‌తో ఒడంబడిక చేసుకున్నది 2021 జూన్‌లో.

పాలేరునూ, నేతపనివాణ్ణీ శ్రామికుడిగా గుర్తించిన మన అభ్యుదయ సాహిత్యం, పరాయి వంటింట్లో అంట్లు తోమే స్త్రీని చాలాకాలం జాలిపడవలసిన మనిషిగానే చూసింది. నన్ను మినహాయించుకుని అనటంలేదు. మా కళాశాలలో ఒక విద్యార్థి తల్లి యేళ్లతరబడి కువైట్‌లో వున్నది. అతని ఫీజు ఆమె పంపిన డబ్బే. దరఖాస్తులో తల్లి వృత్తి అన్నచోట అతను ‘గృహిణి’ అని రాశాడు. సంతకంచేసే ముందు నేను చదివాను. దిద్దలేదు.