రాకాసి గుళ్లు ఎవరివి?

ఉప్పల్ నుంచి నాచారం మీదుగా మౌలాలి పోతుంటే కంపెనీలు, కాలనీలే కనిపిస్తాయి. కానీ మౌలాలి గుట్ట పరిసరాల్లో ఇనుపయుగపు సమాధులు బయటపడ్డాయి. కుండలు, ఇనుప పనిముట్లు పక్కన పెట్టి మనిషిని సాగనంపిన కాలమది. ములుగు అడవుల్లో బండలతో కట్టిన ఇలాంటి సమాధులనే మనం రాకాసి గుళ్లు అంటాం.

వీటిని పుస్తకాలకెక్కించిన ఇంగ్లీషువాళ్లు వీటిలో ముందుగా వెతికింది తమనే. 'కన్ఫెషన్స్ ఆఫ్ ఎ థగ్' (1839) నవల రాసిన మెడోస్ టేలర్ నిజాం కొలువులో పనిచేశాడు. సురపురం ప్రాంతంలో సమాధులు తవ్వించి, అవి తమ దీవుల కెల్టుల సమాధుల్లా ఉన్నాయని రాశాడు. 1872లో జేమ్స్ ఫెర్గూసన్ గోదావరి వైపు కాటాపూర్ శిలువ ఆకారపు రాళ్లను క్రైస్తవులవి అన్నాడు. నేటి పరిశోధకులు వాటిని మనిషి రూపంలో చెక్కిన స్మారక శిలలుగా చూస్తున్నారు.

ఈ పొరపాటు వాళ్ల ఇంట్లోనూ జరిగింది. నార్ఫోక్‌లో దొరికిన అస్థికల కుండలపై 1658లో థామస్ బ్రౌన్ 'హైడ్రియోటాఫియా' రాశాడు. అవి ఒకప్పుడు ఆ దీవిని ఏలిన రోమన్లవి అనుకున్నాడు. తర్వాత అవి శాక్సన్లవని, అంటే ఇంగ్లీషువాళ్ల పూర్వీకులవేనని తేలింది. తన పెద్దల బూడిదను ఏలినవాళ్ల పేర రాసేశాడన్నమాట.

మరి మనం? కట్టినవాళ్లను రాకాసులని మనమే అంటున్నాం. మనుషులు ఇంత బండ ఎత్తలేరన్న అనుమానం ఆ పేరులోనే ఉంది. అలాగని ప్రతి సమాధీ మా తాతలదేనని రుజువు లేకుండా అంటే, మనమూ ఫెర్గూసన్ బాటే పట్టినట్టు. మన దగ్గర ఉన్న రుజువు వేరు. గదబలు గోతర్ పండుగలో చనిపోయినవాళ్ల పేరున నేటికీ రాళ్లు నిలుపుతారు. బండను ఎలా కదిలిస్తారో, ఎందుకు నిలుపుతారో చెప్పగలిగేది వాళ్లే.

ఎముకల మీద హక్కు పాత మాట కాదు. 2024 అక్టోబరులో ఇంగ్లండులో ఒక నాగా పూర్వీకుని పుర్రెను వేలానికి పెట్టారు. నాగాలు నిలదీశాకే దాన్ని వెనక్కి తీసుకున్నారు.

అందుకే మా మాట ఇది. సెలవుల్లో పిల్లలతో మీ ఊరి రాళ్ల దగ్గరకు వెళ్లండి. తవ్వకండి, జరపకండి. కొలవండి, బొమ్మ గీయండి, పెద్దలు చెప్పింది వాళ్ల భాషలోనే రాసుకోండి. క్వారీ మిషన్ వచ్చేలోపు ఆ నోటుపుస్తకం బడి బీరువాలో ఉండాలి.