సి.టి. స్కాను వెనుక కూడికలు

మన వయసువారిలో చాలామంది ఎప్పుడో ఒకప్పుడు సి.టి. స్కాను తీయించుకున్నవారే. ఆ ఫిల్మును ఫొటో అనుకుంటాము. నిజానికి అది లెక్క. ట్రెజరీలో జీవితమంతా మొత్తాలు సరిచూసిన గుమాస్తాను కనుక, దాని చరిత్ర నన్ను ఆకర్షించింది.

1895లో జర్మనీలో రాంట్‌జెన్ ఎక్స్‌రేను కనుగొన్నారు. ఎముక కనిపించింది గాని, పుర్రెలోని మెదడు విడిగా కనబడలేదు. ముందున్నవీ వెనుకున్నవీ ఒకే నీడలో కలిసిపోయేవి. కొన్ని దశాబ్దాలపాటు మెదడు చుట్టూ ఉండే నీటిని తీసి, గాలి ఎక్కించి ఎక్స్‌రే తీసేవారు. రోగికి అది నరకయాతన.

ఇంగ్లండులో గ్రామఫోను రికార్డులకు పేరుపొందిన ఇ.ఎం.ఐ. కంపెనీ ఇంజనీరు హౌన్స్‌ఫీల్డ్‌కు 1967లో ఒక ఆలోచన వచ్చింది. తలలోంచి బయటికి వచ్చిన కిరణం ఎంత తగ్గిందో కొలిస్తే, దారిలోని అడ్డంకుల మొత్తం తెలుస్తుంది. మొత్తాల నుండి పద్దులు రాబట్టాలి!

నాలుగు గడుల పట్టిక తీసుకోండి. అడ్డవరుసల మొత్తాలు 8, 10. నిలువు వరుసలవి 11, 7. ఇంతవరకే అయితే జవాబులు అనేకం. ఎడమ పై గడి, కుడి కింది గడి కలిపి 5 అని కూడా తెలిస్తే జవాబు ఒక్కటే: పైన 3, 5, కింద 8, 2. అందుకే ఆయన యంత్రం తల చుట్టూ 180 కోణాల్లో, కోణానికి 160 చొప్పున 28,800 కొలతలు తీసింది. 1971 అక్టోబరు 1న లండన్‌లో తొలి రోగికి స్కాను తీశారు. ఇదే గణితాన్ని 1963లోనే ప్రచురించిన కార్మాక్‌తో కలిసి ఆయన 1979లో నోబెల్ బహుమతి అందుకున్నారు.

ప్రతి గడికీ వచ్చే అంకెకు హౌన్స్‌ఫీల్డ్ పేరే పెట్టారు. నీరు 0, గాలి మైనస్ 1000. గట్టి ఎముక వందల్లో, ఒక్కోసారి వెయ్యి దాటి ఉంటుంది. అంకె పెరిగేకొద్దీ తెలుపు. పక్షవాతం వచ్చినప్పుడు ఈ తేడాయే ప్రాణం కాపాడుతుంది. మెదడులో కొత్తగా చిట్లిన రక్తం తెల్లగా కనిపిస్తుంది. అలాంటివారికి గడ్డ కరిగించే మందు ఇస్తే ప్రమాదం. గడ్డ అడ్డుపడినవారికి ఆ మందే సకాలంలో ఇవ్వవలసి ఉంటుంది.

అయితే గడ్డ వల్ల కలిగిన నష్టం మొదటి గంటల్లో స్కానులో కనబడకపోవచ్చు. కనుక "స్కాను బాగుంది" అని ఇంటికి వెళ్ళిపోరాదు. చేయి పడిపోయినా, మాట తడబడినా డాక్టరు రోగిని చూసి నిర్ణయించాలి. పాత ఫిల్ములను సర్వీసు రిజిస్టరులా భద్రపరచండి. కొత్తదానితో పోల్చి చూడడానికి అవే ఆధారం.