ప్యాచ్ సమీక్ష

ఓపెన్ సోర్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు ఎవరైనా ప్రతిపాదించిన మార్పును, అసలు కోడులో కలిపే ముందు తోటి డెవలపర్లు పరిశీలించే పద్ధతి ప్యాచ్ సమీక్ష. 1991లో మొదలైన లినక్స్ కెర్నల్ దీనికి బాగా తెలిసిన ఉదాహరణ.

ప్యాచ్ అంటే మార్పుల చిట్టా. తీసేసిన వరుస ముందు మైనస్, చేర్చిన వరుస ముందు ప్లస్ గుర్తు ఉంటాయి. పంపేవారు ముందుగా ‘చెక్‌ప్యాచ్’ స్క్రిప్టుతో కోడు శైలి సరిచూసుకుంటారు. ఏ విభాగం ఎవరి బాధ్యతో ‘మెయింటైనర్స్’ ఫైలు చెబుతుంది. ప్యాచ్ వాళ్లకు ఈమెయిల్‌లో వెళ్తుంది. వ్యాఖ్యలను ఆయా వరుసల కిందే రాస్తారు. అభ్యంతరాలొస్తే రచయిత సరిదిద్ది ‘వి2’, ‘వి3’ అని అంకె వేసి మళ్లీ పంపాలి.

ఒప్పుకున్నవారు ‘రివ్యూడ్-బై’ అని, నడిపి చూసినవారు ‘టెస్టెడ్-బై’ అని తమ పేరు చేరుస్తారు. ఆ కోడు ఇచ్చే హక్కు తమకుందని పంపేవారు హామీ ఇచ్చే ‘సైన్డ్-ఆఫ్-బై’ వరుస 2004లో వచ్చింది. విభాగాల బాధ్యులైన మెయింటైనర్లు దాటించిన మార్పులు, కొత్త మార్పులను స్వీకరించే సుమారు రెండు వారాల వ్యవధి అయిన మెర్జ్ విండోలో, కెర్నల్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్‌కు చేరతాయి.

మరో ఓపెన్ సోర్స్ ఆపరేటింగ్ సిస్టమ్ అయిన ఓపెన్‌బీఎస్‌డీలో ‘ఓకే’ ఇచ్చిన డెవలపర్ పేరును, మార్పుతో పాటు నమోదయ్యే కమిట్ సందేశంలో రాయడం ఆనవాయితీ.

లినక్స్ కెర్నల్‌లో ఈ వడపోత ఎంత గట్టిదో చూడాలని అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2020లో లోపాలున్న ప్యాచ్‌లను కావాలనే పంపారు. 2021 ఏప్రిల్‌లో కెర్నల్ మెయింటైనర్ గ్రెగ్ క్రోవా-హార్ట్‌మన్ ఆ విశ్వవిద్యాలయం ప్యాచ్‌లను నిషేధించారు. పాతవాటినీ మళ్లీ తనిఖీ చేయించారు. పరిశోధకులు క్షమాపణ చెప్పి, తమ పరిశోధన పత్రాన్ని ఉపసంహరించుకున్నారు.