మనిషి చేతి నుండి మందలోనికి

గొరిల్లా యను మహాకాయ వానరము పాశ్చాత్య శాస్త్రలోకమునకు పరిచితమై రెండు శతాబ్దములైనను నిండలేదు. మతప్రచారకుడైన థామస్ సావేజ్ గాబన్ తీరమున సేకరించిన పుఱ్ఱెలను, ఎముకలను ఆధారముగా గొని, ఆయనయు జెఫ్రీస్ వైమన్ యను శరీరశాస్త్రజ్ఞుడును 1847లో దానిని లోకమునకు వర్ణించి చూపిరి. అది మొదలు సజీవమైన గొరిల్లాను తెచ్చి ప్రదర్శింపవలెనను ఆరాటము యూరపు, అమెరికా జంతుశాలలను విడువక పీడించెను. ఎదిగిన జంతువును పట్టుట సాధ్యము కానిపని. కావున వేటగాండ్రు తల్లిని, దానికి అడ్డువచ్చిన మందపెద్దను కాల్చి చంపి, తల్లి రొమ్మున కఱచుకొనియున్న పిల్లను ఊడబెఱికి ఓడ యెక్కించెడివారు. ఇట్లు చేరిన పిల్లలలో పెక్కు నెలలు తిరుగకమునుపే కన్నుమూసెను. 1876లో బెర్లిన్ జలజంతుశాలకు వచ్చి నగరమునంతను ఆకర్షించిన పిల్ల మఱుసటి యేడే మరణించినది. మనుష్యుల నుండి సోకిన ఊపిరితిత్తుల వ్యాధులు, అడవి యాకులకు బదులు మనుష్యాహారము, అన్నిటికంటెను మించిన ఒంటరితనము, ఈ మూడును కలిసి వానిని బలిగొనెను.

ఆ ఒంటరితనమును మొదట గుర్తించినవారిలో లండను నగరపు ఆలిస్ కన్నింగ్‌హామ్ ఒకతె. 1918 ప్రాంతమున ఆమె యింట జాన్ డేనియల్ అను మగపిల్ల మనుష్యశిశువువలెనే పెరిగి, బల్లయొద్ద కూర్చుండి భుజించుచు, గదులలో స్వేచ్ఛగా తిరుగుచు, తక్కిన గొరిల్లాలు క్షీణించిపోవుచోట తాను పుష్టిగా నుండెను. పెరిగిన జంతువును ఇంట నుంచుకొనలేక 1921లో అమ్మివేయగా, అది అమెరికా సర్కసువారి చేతబడి స్వల్పకాలముననే న్యూయార్కులో మరణించినది. గొరిల్లాకు ఆహారముతోపాటు బాంధవ్యమును కావలెనని లోకము దీనివలన నేర్చుకొన్నది. కాని ఆ బాంధవ్యము మనుష్యునిదే యైనను చాలునని యపార్థము చేసికొనుటచేత తరువాతి యేబదియేండ్ల చరిత్ర వక్రమార్గము పట్టెనని నా యభిప్రాయము.

1920 తరువాత ఆహారమును, ఆరోగ్యమును గూర్చిన జ్ఞానము పెరిగి, గొరిల్లాలు బ్రతికి బట్టకట్టసాగెను. షికాగోలోని బుష్‌మన్, ఫిలడెల్ఫియాలోని బాంబూ, మాస్సా ఆ తరమువారిలో ప్రసిద్ధులు. బాంబూకు తోడుగా ఆడుదియని నమ్మి 1935లో తెచ్చిన మాస్సా మగదని పిమ్మట తేలెను. అప్పటి జ్ఞానము ఎంతటిదో తెలియుటకు ఈ యొక్క ముచ్చట చాలును. ఆ మాస్సా 1984 వఱకు జీవించి దీర్ఘాయువునకు పేరొందినను సంతానము నెఱుగడు.

1956 డిసెంబరు 22వ తేదీ ఉదయమున ఓహాయో రాష్ట్రమందలి కొలంబస్ జంతుశాలలో, పశువైద్య విద్యార్థియై యుండి కాపరిపని చేయుచుండిన వారెన్ థామస్, ఉమ్మనీటి పొరతోనే బోను నేలపై పడియున్న శిశువును చూచెను. అతడు తల్లిని మఱలించి, శిశువును వెలికి దెచ్చి, పొర చీల్చి, నోటితో ఊపిరి యూది బ్రతికించెను. నిర్బంధములో జన్మించిన ప్రథమ గొరిల్లా యగు కోలో ఇదియే. దానికి ప్రత్యేకమైన శిశుగృహము నమర్చి, బట్టలు తొడిగి, పాలసీసాతో పెంచిరి. అది అఱువదియేండ్లు జీవించి 2017లో మరణించినది.

రెండవ జననము 1959 సెప్టెంబరులో స్విట్జర్లండునందలి బాసెల్ నగరమున జరిగినది. తల్లియైన అకిల్లా బిడ్డను వదలలేదు, హింసింపలేదు, ప్రేమతోనే పట్టుకొన్నది. కాని రొమ్ము నోటి కందునట్లు ఎత్తుకొను విధము మాత్రము దానికి తెలియదు. శిశువు ఆకటితో నుండగా డైరెక్టరైన ఎర్నెస్ట్ లాంగ్ దానిని తీసికొని, గోమా యని పేరిడి, తన యింట బిడ్డవలె పెంచెను. అయినను గోమా మనుష్యుల మధ్యనే యుండిపోరాదని తలచి, ఈడుజోడైన పేపే యను మగపిల్లను తోడు చేర్చెను. కొన్నాళ్లకు, 1961లో, అకిల్లా మఱల ప్రసవించి, ఈసారి ఎవరును నేర్పకయే బిడ్డను సరిగా నెత్తుకొని పాలిచ్చెను. జంతుశాలలో తల్లి పెంచిన తొలి గొరిల్లా యగు ఆ జాంబోయే, పిమ్మట జెర్సీ దీవి జంతుశాలకు చేరి, 1986లో తన యావరణలో పడి స్పృహ తప్పిన బాలుని చెంత కావలి నిలిచి జగత్ప్రసిద్ధి గాంచినది. పుట్టుకతోనే మంద మర్యాద నెఱిగిన జంతువు గావున అట్లు ప్రవర్తించెననుటకు శాస్త్రప్రమాణము లేదు. అట్లనిపించుట మాత్రము సహజము.

అకిల్లా తెలిసికొన్న దానిని గ్రహింపక, అనేక జంతుశాలలు శిశువు పుట్టినదే తడవుగా తీసికొని సీసాపాలతో పెంచుట ఆచారము గావించుకొనెను. పిల్లలు బ్రతికినవి, సంఖ్య పెరిగినది. కాని అట్లు పెరిగిన ఆడువి తల్లులైనప్పుడు శిశువును చూచి భయపడి మూల నక్కుచుండెను. మగవానికి సంయోగమే తెలియకుండెను. మన పల్లెలలో పెద్దింటి పిల్ల తన పెండ్లికి ముందే అక్కల బిడ్డలను చంకనెత్తుకొని తిరిగి, పురుడు వచ్చునాటికి పసిబిడ్డ నెత్తుకొనుట యెవరును చెప్పకయే నేర్చియుండును. ఆ భాగ్యము ఈ జంతువులకు లేకపోయెను. 1959లో జార్జి షాలర్, 1967 మొదలు డయాన్ ఫాసీ పర్వతములలోని మందలను పరిశీలించి, వెన్ను వెండివన్నె దాల్చిన యొక మగగొరిల్లా నీడలో తల్లులును పిల్లలును మెలగు రీతిని వెల్లడించిన తరువాతనే ఈ లోపమునకు మూలము స్పష్టమైనది. ఇంగ్లండులో జాన్ ఆస్పినాల్ హౌలెట్స్ వనమున లోతైన గడ్డిపఱుపులతో, వివిధములైన ఆకులు పండ్లతో పెద్ద మందలను పెంచి, సంతానము పొందుటయు ఈ కాలపు విశేషమే. జర్మనీలోని స్టుట్‌గార్ట్ జంతుశాల పలుదేశముల అనాథ శిశువులను ఒకచోట చేర్చి సమవయస్కులతో పెంచుట మధ్యేమార్గమైనది. తోటి పిల్లలు ఆట నేర్పగలవు, తల్లితనమును నేర్పలేవు.

కోలో పుట్టిన కొలంబస్ జంతుశాలయే 1980 తరువాత దారి మార్చి, చేతిపెంపకపు శిశువులను త్వరలోనే పెంపుడుతల్లుల కప్పగించు పద్ధతికి ప్రసిద్ధి పొందెను. మనుష్యుల చేతులలో బట్టలు ధరించి పెరిగిన ఆ కోలోయే పిమ్మట తన మనుమడగు జె.జె.ను పెంచినది.

ఈ పని యెట్లు జరుగునో సిన్సినాటిలో చూడవచ్చును. 2013లో టెక్సాస్‌లో పుట్టి, తల్లి ఆదరింపని గ్లాడిస్ అను పిల్లను అచటికి తెచ్చిరి. కాపరులు నల్లని బట్టలపై బొచ్చుకోట్లు తొడిగి, మోకాళ్లకు దిండ్లు కట్టుకొని, రాత్రింబవళ్లు వంతులవారీగా చేతులు కాళ్లు నేల కానించి నడచుచు, గొరిల్లా తృప్తిపడినపుడు గొంతులో చేయు గురగుర ధ్వనిని అనుకరించుచు, దానిని వీపున మోసిరి. గది గొరిల్లాల నివాసములోనే యుండుటచేత వాని వాసనయు అరపులును పిల్లకు పరిచితమయ్యెను. పెంపుడుతల్లులు కాగలవాటిని ఇనుపజాలి కీవల నుండి చూడనిచ్చి, చివరకు మ్లింజీ యను దానిని ఎన్నుకొనిరి. పెంపుడుతల్లికి పాలు లేవు గదా. కావున పిల్ల ఆకలిగొన్నపుడు జాలియొద్దకు వచ్చి సీసానుండి త్రాగుట, పెద్దది దానిని మోసుకొని తెచ్చుట ముందే నేర్పవలెను. మందపెద్దతో చేర్చుట కడపటి ఘట్టము. అడవిలో తనకు సంబంధింపని శిశువును మగవాడు చంపుటయు కలదు గనుక, ఆ తలుపు తెఱచుటకు కాపరులు మిక్కిలి జంకుదురు.

అన్ని ప్రయత్నములును ఫలింపవు. ఓక్లహోమాలో 2014లో పుట్టిన కమీనాకు సిన్సినాటిలో తల్లి కుదురలేదు; కొలంబస్‌కు తరలింపగా పోంగీ యనునది చేరదీసెను. 2016లో బ్రిస్టల్‌లో శస్త్రచికిత్సచే పుట్టిన అఫియాకు, పూర్వము కంటిపొరలు తీయించుకొని చూపు పొందిన రొమీనా తల్లియైనది. 2021లో క్లీవ్‌లండులో కయెంబే యను శిశువును చేరదీసిన ఫ్రెడ్రికాకు అప్పటికి నలుబదియేడేండ్లు. కన్నతల్లి కావలసిన యీడు దాటినది పెంచుతల్లియగుటకు చక్కగా తగునని కాపరులు గ్రహించిరి.

జననములు సాగుచున్నకొలది వేఱొక చిక్కు తలయెత్తినది. పుట్టుకలో మగ ఆడు సమానము. మందకు కావలసిన మగవాడు మాత్రము ఒక్కడే. మిగిలినవాటిని మగమందలుగా కూర్చి పోషించుచున్నారు. మన దేశమున మైసూరు జంతుశాలలో 1995 మొదలు ఒంటరిగనే కాలము వెళ్లబుచ్చిన పోలో 2014లో మరణింపగా, 2021లో జర్మనీ నుండి వచ్చిన థాబో, డెంబా రెండును మగవే. ఒకడికొకడు తోడుగా వారు వచ్చుట పోలో కాలమునకంటె మెఱుగైన యేర్పాటు.