కృష్ణగిరి కోటకు ఒక రోజు: ఎక్కే ముందు తెలుసుకోవలసిన కత



సెలవు దొరికితే హోసూరులో మనవాళ్ల బండ్లు నంది కొండకో, సావనదుర్గానికో, ఏర్కాడుకో తిరుగుతాయి. సేలం పోతూ వస్తూ కృష్ణగిరి కోట కొండను మాత్రం బస్సు కిటికీలోంచి చూసి దాటిపోతాం. ఈసారి సంఘం తరఫున అందరం కలిసి ఆ కొండే ఎక్కుదామని అనుకున్నాం. ఎన్ని గంటలకు బయలుదేరాలి, ఏమేం తెచ్చుకోవాలి, ముసలివాళ్లు రావచ్చా అని చాలామంది అడుగుతున్నారు. జవాబు రాద్దామని కూర్చుంటే, అడిగినవాటికన్నిటికీ ఆ కొండ చరిత్రలోనే జవాబు దొరికింది. అందుకే ఇది కాస్త పొడుగవుతుంది. ఓపిగ్గా చదవండి.

మొదట మనం ఎక్కడున్నామో చూసుకుందాం. హోసూరు మైసూరు పీఠభూమి అంచున ఉంది, సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున. ఇక్కడినుంచి కృష్ణగిరి సుమారు 50 కిలోమీటర్లు. దారి పొడుగునా మనం దిగుతూనే పోతాం. పైన మైసూరు సీమ, కింద ఆర్కాటు మైదానం, ఈ రెంటికీ నడిమి మెట్టు బారామహల్. పన్నెండు మహళ్ల సీమ అని ఆ పేరుకు అర్థం. పన్నెండు కోటలని కొందరంటారు. ఆ పన్నెండూ ఏవన్నదానిలో పట్టీకీ పట్టీకీ పొంతన కుదరదు కానీ, కృష్ణగిరి లేని పట్టీ మాత్రం ఉండదు. పైనుంచి కిందికి దిగే సైన్యమైనా, కిందినుంచి పైకి ఎక్కే సైన్యమైనా ఈ కొండల నడుమ నుంచే పోవాలి. అందుకే ఇక్కడ గుండుకొక కోట లేచింది.

కృష్ణగిరి కోట కట్టించింది కృష్ణదేవరాయలే అని వాడుక. 1565 తర్వాత విజయనగరపు రాజులు పెనుకొండకు మారారు. ఆ పెనుకొండ ముట్టడిలో చిక్కుకున్నప్పుడు కాపాడినందుకు జగదేవరాయలకు ఈ బారామహల్ జాగీరుగా దక్కిందని చెబుతారు. కృష్ణగిరి పక్కన ఉండే జగదేవి ఊరి పేరు ఆయన్ను ఇప్పటికీ తలపిస్తుంది. ఆ తర్వాత బిజాపూరు, మరాఠాలు, మైసూరు ఒడయార్లు, చివరికి హైదరలీ, టిప్పు. చేతులు మారుతూ వచ్చింది.

ఇక అసలు కత. ఇంగ్లీషు కుంపిణీ సైన్యం 1767లో ఈ కోట మీదికి లగ్గలకు పోయి దెబ్బ తిని వెనుదిరిగింది. మరుసటి ఏడు కోటను చుట్టుముట్టి, లోపలికి ఏమీ పోనీయకుండా కూర్చుంది. 1768లో కోట లొంగింది. తర్వాత సంధిలో మళ్లీ హైదరు చేతికే వచ్చింది.

మూడో మైసూరు యుద్ధంలో, 1791 నవంబరు 7 రాత్రి, మాక్స్‌వెల్ అనే కర్నల్ మళ్లీ వచ్చాడు. కొండ కింద పేట చేజిక్కింది. కింది కోట కూడా చిక్కింది. పారిపోతున్న కోట సిపాయిల వెంటే తరుముకుంటూ పై కోటలోకి దూరిపోదామని అతని ఆలోచన. మనుషులు వాకిలిదాకా పోయారు కానీ నిచ్చెనలు వెనకబడ్డాయి. అవి వచ్చేలోగా లోపలివాళ్లు తలుపు బిగించి, పైనుంచి గుండ్లు దొర్లించారు. నిచ్చెనలు విరిగాయి, మనుషులు నలిగారు. మాక్స్‌వెల్ సైన్యాన్ని వెనక్కి తీసుకుపోయాడు. 1792 మార్చిలో శ్రీరంగపట్నం సంధి కుదిరి టిప్పు బారామహల్‌ను వదులుకున్నప్పుడే ఈ కోట కుంపిణీకి దక్కింది. అంటే, కాగితం మీద సంతకం పడ్డాకే.

ఈ కొండ మీదికి పరుగున పోయినవాళ్లు ఓడారు, నిలిచి కూర్చున్నవాళ్లు గెలిచారు. మన ఒక రోజు ప్రయాణానికి కావలసిన పాఠం ఇంతే.

మొదటిది, పొద్దు. హోసూరు చలిని చూసి కృష్ణగిరి ఎండను లెక్క కట్టకండి. దిగేకొద్దీ వేడి పెరుగుతుంది. పైగా ఆ కొండ ఉత్త బండ, చెట్టు నీడ తక్కువ. పది దాటితే బండ సెగ మొదలవుతుంది. ఐదింటికే హోసూరు వదిలితే తెల్లవారేసరికి కొండ పాదం దగ్గర ఉంటాం. ఎండ ముదరకముందే దిగిపోవాలి.

రెండోది, నీళ్లు. కొండకోట ఎన్నాళ్లు నిలుస్తుందన్నది తుపాకుల కంటే దొనల మీదే ఎక్కువ ఆధారపడేది. బండ పల్లాల్లో వాననీరు పట్టి నిలిపే ఆ దొనల్ని పైన మీరే చూస్తారు. చూడటానికే, తాగడానికి కాదు. మనిషికి రెండు లీటర్లు ఎవరివి వాళ్లే మోయాలి. పెరుగన్నం, చిత్రాన్నం దిగాక తిందాం. పైకి బెల్లం, వేయించిన వేరుశనగలు చాలు.

మూడోది, గుంపు. మాక్స్‌వెల్‌కు మనుషులు ముందు, నిచ్చెనలు వెనక అయ్యాయి. మనకు కుర్రవాళ్లు ముందు, పిల్లలూ పెద్దలూ వెనక కాకూడదు. ముందొకరు, చివరొకరు దారి తెలిసినవాళ్లు ఉంటారు. చివరివారు ఎక్కడుంటే మన గుంపు అక్కడున్నట్టు లెక్క. మోకాళ్ల నొప్పులవారు సగం దారిలో ఆగినా చిన్నతనం లేదు. మెట్లన్నీ ఎత్తుగా ఒక్క తీరున లేకపోవడం కూడా పైకి వచ్చేవాడి ఊపు తగ్గించేదే.

రాయకోట కూడా ఎక్కుదామని కొందరన్నారు. అదీ ఎక్కదగ్గదే, కానీ అదే రోజు వద్దు. హోసూరు నుంచి ధర్మపురి పోయే రైలు అక్కడ ఆగుతుంది కాబట్టి దానికి వేరే రోజు పెట్టుకుందాం. 1791 జులైలో హోసూరు తర్వాత లొంగిన కోట అది. 1799 మార్చిలో జనరల్ హారిస్ సైన్యం శ్రీరంగపట్నం మీదికి ఆ దారినే పోయింది. మే 4న టిప్పు నేలకొరిగాడు. రాయలసీమ నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడినవారికి ఇంకొక ముక్క: దత్తమండలాల్లో మన తాతలు చెప్పుకున్న మన్రో దొర రైతువారీ పని నేర్చింది ఈ బారామహల్‌లోనే, 1792 నుంచి 1799 దాకా అలెగ్జాండర్ రీడ్ కింద.

కుర్రవాళ్లు అంచెట్టి, డెంకణికోట అడవుల పేరు కూడా ఎత్తారు. అవి కావేరి ఉత్తర వన్యప్రాణి అభయారణ్యం వైపు. చలికాలం రాగి కోతల వేళకు బన్నేరుఘట్ట వైపునుంచి ఏనుగుల మందలు ఆ దారినే వస్తాయని ఇక్కడి రైతుకు చెప్పనక్కరలేదు. అటవీశాఖ అనుమతి, దారి చూపేవారు లేకుండా మన సంఘం పేరుతో అడవిలో అడుగు పెట్టం. 2018 మార్చి 11న తేని జిల్లా కురంగణి కొండల్లో కార్చిచ్చులో చిక్కి 20 మందికి పైగా పోయారు. వాళ్లూ మన పిల్లల్లాగే సెలవుకని బయలుదేరినవారే.

చివరి మాట. ఆ కోట కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది. 1958 నాటి చట్టం, 2010 సవరణ ప్రకారం గోడ పాడుచేస్తే రెండేళ్ల జైలు, లక్ష రూపాయల జరిమానా దాకా పడవచ్చు. చట్టం మాట అలా ఉంచండి. మన జిల్లాలో గ్రానైటు కోసం తరిగిపోయిన గుండ్లు ఎన్నో మనకు తెలుసు. కత తెలిసినవాళ్లు లేని గుండు లారీకెక్కే రాయిగానే కనబడుతుంది. పైన దర్గా ఉంది, భక్తితో వచ్చేవాళ్లుంటారు, అక్కడ గోల వద్దు. మధ్యాహ్నం కృష్ణగిరి మ్యూజియం తెరిచి ఉంటే ఈ సీమ వీరగల్లులు చూసి తిరుగుదాం.

వచ్చేవారు పేరు, వయసు, గుండె, ఆస్తమా, షుగరు వంటివి ఏమైనా ఉంటే అదీ కార్యదర్శికి చెప్పండి. పిల్లలకు ఈ కత ముందే చెప్పి తీసుకురండి. పై వాకిలి దగ్గర నిలబడి, గుండ్లు ఎటునుంచి దొర్లాయో వాళ్లే మనకు చూపించాలి.